నడువలేని బిడ్డ – నేర్వగోరు మనస్సు



నేను హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున నున్న సైదాబాదులో నివసించుచున్నాను. ప్రాచ్యకళాశాలలో చదువుకొని, తెలుగు పండితుడనై, ముప్పదియారు సంవత్సరములు బడిపిల్లలతో కాలము గడిపి విశ్రాంతి పొందితిని. ఈ దినమున మీతో ముచ్చటింపదలచిన విషయము కాళ్లుచేతులు సరిగా సాగని పసిబిడ్డలను గూర్చినది. వారి వైద్యమును గూర్చి చెప్పుటకు నేను వైద్యుడను గాను. వారి మనస్సును గూర్చి, అందును ముఖ్యముగా క్రొత్తదానిని తెలిసికొనవలెనను వారి కోరికను గూర్చి, నేను చూచినదియు, చదివినదియు, ఒక తప్పు చేసి తెలిసికొన్నదియు మనవి చేసెదను.

మా వీధిలో, మా యింటికి మూడిండ్ల కవతల, నాలుగేండ్ల బాలిక యొకతె యున్నది. నెలలు నిండకముందే పుట్టినది. కాళ్లు బిగిసికొనిపోవుటచే నిలువలేదు. కుడిచేయి కొంత స్వాధీనములో నుండును, ఎడమచేయి అంతగా మాట వినదు. దీనిని వైద్యులు మస్తిష్క పక్షవాతమందురు. మెదడులో కండరములను నడపించు భాగమునకు పుట్టుకకు ముందో, పుట్టునప్పుడో, పుట్టిన కొలదికాలమునకో కలిగిన దెబ్బవలన ఇది వచ్చును. కాలు సాగనంతమాత్రమున బుద్ధియు సాగదను నియమము లేదు. ఆ బాలిక కన్నులు చూచినచో ఆ సంగతి ఎవరికైనను తెలియును.

ఒకనాటి సాయంకాలము వారి యింటి ముందు కూర్చుంటిని. నాయనమ్మ ఆ బిడ్డను ఒడిలో నుంచుకొని చిక్కుడుకాయలు వలచుచుండెను. ప్రక్కన గిన్నెమీద ఒక స్టీలు మూత యుండెను. బిడ్డ కుడిచేతితో దానిని త్రోసెను. మూత బండలమీద పడి, గిరగిర తిరిగి, చప్పుడు చేయుచు, మెల్లగా నిలిచిపోయెను. అది నిలుచువరకు బిడ్డ కన్నార్పలేదు. నాయనమ్మ మూత తీసి యిచ్చెను. బిడ్డ మరల త్రోసెను, మరల చూచెను. మూడవసారి నాయనమ్మ మూతను గూటిలో పెట్టి, గిలక యొకటి బిడ్డ చేతిలో నుంచెను. బిడ్డ ఏడ్వలేదు, మారాము చేయలేదు. గిలకను వాడించను కూడ లేదు. ఊరక కూర్చుండెను.

అయ్యలారా, ఏడ్చిన బిడ్డనుగూర్చి నాకు దిగులు లేదు. ఊరక కూర్చున్న బిడ్డనుగూర్చియే దిగులు.

“అమ్మా, మూత ఏల తీసితిరి?” అని యడిగితిని. “ఏం చేయను సారూ, పిల్ల గోస నేను చూడలేను. వంగి తీసుకోబోతె పడుతది. అందుకే అన్నీ చేతికే ఇస్త” ననెను. ఆ మాటలో ప్రేమ తప్ప మరియొకటి లేదు. ఆ ప్రేమకు చేతులెత్తి నమస్కరింపవలసినదే. కాని ఆ ప్రేమయే బిడ్డచేతిలోనుండి ఒక గొప్ప వస్తువును తీసికొన్నది. అది మూత కాదు, “దీనిని త్రోసిన ఏమగునో చూచెదను” అను తలపు.

ఆరోగ్యముగ నున్న బిడ్డ ఇట్టి పరీక్షలు దినమునకు నూరు చేయును. కుండలో చేయి పెట్టును, బూడిద చల్లును, కోడిపిల్ల వెంట పరుగెత్తును. మనము కసరుకొందుము. వాడు లెక్కపెట్టడు. ఇదియే వాని మొదటి బడి. తనవలన లోకములో ఏదో ఒకటి జరుగుటను చూడవలెనను కోరిక ఆకలిదప్పులవలెనే మనుష్యునకు సహజమైనదని అమెరికాదేశపు మనస్తత్త్వవేత్త రాబర్ట్ వైట్ 1959లో ఒక ప్రసిద్ధ వ్యాసమున వివరించెను. ఆకలి కాళ్లున్నవానికిని లేనివానికిని సమానమైనట్లే ఈ కోరికయు సమానము. అయితే కాళ్లున్న బిడ్డ మనము వలదన్నను పోయి తీర్చుకొనును. కాళ్లు సాగని బిడ్డ కోరిక మన చేతిలో నున్నది. మనము దానిని నిలుపవచ్చును, ఆర్పవచ్చును.

ఎత్తుకొని అంతయు చూపుచున్నాము గదా, చూచి నేర్చుకొనదా యని మీరనవచ్చును. ఈ ప్రశ్నకు సరియైన జవాబు ఒక పిల్లికూనల పరీక్షలో దొరకినది. 1963లో రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు చీకటిలో పెంచిన పిల్లికూనలను జంటజంటలుగా తెచ్చి, గానుగవలె తిరుగు ఒక యంత్రమునకు కట్టిరి. ఒక కూన తన కాళ్లతో నడచుచు తిరుగును. రెండవది చిన్న తొట్టిలో కూర్చుండి, మొదటిదాని నడకవలననే తిరుగును. రెండును చూచునది ఒకే గోడ, ఒకే చారలు. కొన్నిదినములకు పరీక్షింపగా, నడచిన కూన ఎదుటికి వచ్చు వస్తువును చూచి రెప్పలార్చెను, లోతు చూచి వెనుదీసెను. మోయబడిన కూనకు ఆ తెలివి రాలేదు. రెండు కూనలకును కన్నులు బాగుగనే యున్నవి. ఆ కన్నులు చూచినదానిని తన కదలికతో కలుపుకొను అవకాశము మాత్రము రెండవదానికి లేకపోయెను. తరువాత దానిని వెలుతురులో స్వేచ్ఛగా తిరుగనీయగా కొలదికాలములోనే అదియు నేర్చెను. ఈ చివరి సంగతిని మరువకుడు, మనకు ధైర్యము నిచ్చునది అదియే.

పిల్లికూన వేరు, మనుష్యశిశువు వేరు. అయినను ఒడిలోనుండి లోకమును చూచుటయు, తానై లోకమును తాకుటయు ఒకటి కావని ఇందువలన గ్రహింపవచ్చును.

మన పురాణములు విన్న మీకు వినత కథ తెలియును. కద్రువకు పిల్లలు ముందుగా కలిగిరని చూచి, తన బిడ్డను చూడవలెనను తహతహతో వినత ఒక గ్రుడ్డును కాలము రాకముందే చిదిపెను. అందుండి తొడలులేని అనూరుడు పుట్టెను. తల్లికి ప్రేమ తక్కువయై ఆ పని చేయలేదు, తొందర ఎక్కువయై చేసెను. బిడ్డ చేయి మూతను చేరులోపలనే మన చేయి చేరుట కూడ అట్టి తొందరయే యని నాకు తోచుచున్నది. ఆ కథలో రెండవ భాగము మరింత తలపదగినది. కాళ్లులేని ఆ అనూరుని దేవతలు ఒక మూల కూర్చుండబెట్టి జాలిపడలేదు. సూర్యరథమునకు సారథిని చేసిరి. రథము నడపుటకు కావలసినవి తొడలు కావు, చేతిలో పగ్గములు, చూపులో దారి. అతనికి తగిన పని అతనికి దొరకినది.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పితిని. ఇక నా తప్పు చెప్పుకొనవలెను.

నా ఉద్యోగపు తొలిదినములలో నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెబడిలో పని చేసితిని. ఆ కాలమున మన పల్లెలలో పోలియో విస్తారముగ నుండెడిది. మన దేశమున ఆ వ్యాధి చివరిసారి కనబడినది 2011 జనవరిలో. 2014 మార్చి 27వ తేదీన దేశము పోలియోరహితమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించెను. నేను చెప్పునది అంతకు చాల ముందటి మాట. నా తరగతిలో రెండు కాళ్లును చచ్చుబడిన బాలు డుండెను. వానిని తండ్రి భుజముమీద తెచ్చి దింపిపోవును. నేను వానిని ముందువరుసలో కూర్చుండబెట్టితిని. వాని పలక ఇతరులు తెచ్చిచ్చెడివారు, వాని నీళ్లు ఇతరులు తెచ్చెడివారు. కష్టమైన ప్రశ్న వాని నడుగలేదు. నల్లబల్లవద్దకు ఎప్పుడును పిలువలేదు. తప్పు వ్రాసినను “ఫరవాలేదు నాయనా” అంటిని. నేను దయ చూపుచున్నానని సంతోషించితిని. మొదటి యేట చేయెత్తి ప్రశ్నలడిగిన ఆ బాలుడు రెండవ యేట చేయెత్తుట మానెను. అయిదవ తరగతి తరువాత బడికి రాలేదు.

ఇరువది సంవత్సరముల తరువాత దిల్‌సుఖ్‌నగరులో ఒక చిన్న దుకాణమున నా రేడియో బాగుచేయించుకొనుటకు పోయితిని. బల్లవెనుక కూర్చున్న యువకుడు నన్ను గుర్తుపట్టి నమస్కరించెను. ఆ బాలుడే! ఇంటిలో పాడైన రేడియోను ఎవరును చూడనప్పుడు విప్పి, మరల బిగించి, ఆ పని తనంతట తాను నేర్చెనట. నాకు చాయ తెప్పించి, నవ్వుచునే ఇట్లనెను: “సార్, మీరు నన్ను మంచిగ చూసుకున్నరు. కాని ఒక్కసారన్న బోర్డు కాడికి పిలువలేదు. పాకుకుంటనన్న వస్తుంటి.” ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. ఆ బాలుని కోరికను పోలియో చంపలేదు. నా తరగతిలో అది తలదాచుకొన్నది, ఎవరును దయ చూపని చోట మరల తలయెత్తినది.

అట్లయిన సహాయమే చేయరాదా? చేయవలెను. కాని సహాయము రెండు విధములు. బిడ్డ పనిని మనము చేయుట యొకటి. బిడ్డ తన పనిని తాను చేయుటకు వలసిన ఏర్పాటు మనము చేయుట రెండవది. మొదటిది తగ్గింపవలెను, రెండవది పెంపవలెను. మరియా మాంటిస్సోరి యను విదుషి తొలుత రోములో మందబుద్ధులని త్రోసివేయబడిన బిడ్డలకు చదువు చెప్పి, 1907లో పేదపిల్లలకు శిశువిహారము తెరచినది. 1939లో మన పొరుగుననున్న మదరాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. బిడ్డ తానై చేయగలిగినదానిని పెద్దలు చేయరాదనుట ఆమె పద్ధతికి మూలము. కాలు సాగని బిడ్డ విషయమున ఈ సూత్రము రెండింతలు వర్తించును.

ఇంటిలో చేయదగిన కొన్ని పనులు చెప్పెదను. బిడ్డ శరీరస్థితిని చూచి, వ్యాయామచికిత్స చేయువారి నడిగి, వీనిని ఆచరింపుడు.

మొదటిది కూర్చుండుట. పడిపోదునను భయముతో నున్న బిడ్డ చేతులు నేలను పట్టుకొనుటకే సరిపోవును, ఆటకు మిగులవు. రెండు గోడలు కలియు మూలలో కూర్చుండబెట్టి, ఇరువైపుల బొంత మడిచి పెట్టినచో చేతులకు విడుదల కలుగును.

రెండవది దూరము. వస్తువును చేతిలో పెట్టరాదు, చేతికందనంత దూరమునను పెట్టరాదు. కొంచెము ప్రయత్నించిన అందునంత దూరమున నుంచవలెను. చాల సులభమైన కోరిక పుట్టదు, చాల కష్టమైన ఆశ పోవును.

మూడవది ఓపిక. బిడ్డ చేయి చాచినప్పుడు మీ చేయి వెనుకకు కట్టుకొనుడు. మనస్సులో ఇరువది లెక్కపెట్టుడు. మనకు క్షణములో నగు పని వానికి పావుగంట పట్టవచ్చును. ఆ పావుగంట వ్యర్థము కాదు, అదియే వాని పాఠము.

నాలుగవది పని. చిక్కుడుకాయలు వలచుట, గింజలు లెక్కించుట, కోళ్లకు నూకలు చల్లుట, వచ్చినవారిని పిలిచి కూర్చుండుమనుట. ఇంటిలో తనకొక పని యున్న బిడ్డకు తానొక మనుష్యుడనను తలపు కలుగును.

అయిదవది తోడు. తోటిపిల్లలతో ఆడనీయుడు. అష్టాచెమ్మకును వామనగుంతలకును కాళ్లతో పనిలేదు. ఓడిపోనిండు కూడ. జాలిచే గెలిపించిన ఆటలో రుచి యుండదు, ఆ సంగతి పిల్లలకు బాగుగ తెలియును.

ఆరవది మాట. “కుంటివాడు” అని పిలుచుట, “ఏ జన్మలో చేసినదో” అని బిడ్డ వినునట్లు నిట్టూర్చుట మానవలెను. శాస్త్రములు చదివినవాడను గనుక చెప్పుచున్నాను: కర్మసిద్ధాంతము మన నడవడిని మనము దిద్దుకొనుటకు చెప్పబడినది, పసిబిడ్డను దోషిగా నిలుపుటకు కాదు.

కొందరు చక్రముల కుర్చీ, ఊతకఱ్ఱ మొదలగువానిని చూచి సిగ్గుపడుదురు. అవి వాడినచో కాళ్లు ఇంకను బలహీనమగునని భయపడుదురు. మన యిండ్లలో పసిబిడ్డలకు నడక నేర్పుటకు మూడుచక్రముల కొయ్యబండి యుండెడిది గదా! దానిని చూచి సిగ్గుపడినవా రున్నారా? ఈ కుర్చీయు అట్టి బండియే. ఒక బిడ్డకు ఆరుమాసములు కావలసియుండును, మరియొక బిడ్డకు ఎల్లప్పుడును కావలసియుండును. అది కదలుటకు సాధనము, కదలికయే తెలివికి ద్వారము.

బిడ్డ కోరికను పెద్దలు గుర్తించినచో ఎంత ఫలము కలుగునో మన తెలుగునాటనే యొక నిదర్శన మున్నది. విజయనగర సంస్థానమున ఉద్యోగియైన చాగంటి జోగారావుగారి కుమారుడు అంధుడు, సంగీతమనిన ఆసక్తి కలవాడు. “కన్నులు లేనివానికి చదువేల” యని సంస్థానాధిపతి విజయరామ గజపతిరాజుగారు అనలేదు. వానికి సంగీతము నేర్పింపబూని, ఆ యుద్దేశముతో 1919లో సంగీతకళాశాలనే నెలకొల్పిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులైరి. చిన్ననాటినుండి చూపు మందముగ నున్న ద్వారం వేంకటస్వామినాయుడుగారు అందు వయొలిన్ ఆచార్యులై, 1936లో అధ్యక్షులైరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అచ్చటనే చదివిరి. ఒక్క బిడ్డకొరకు తెరచిన తలుపులో ఎందరు ప్రవేశించిరో చూడుడు.

నేడు అందరును రాజులు కానక్కరలేదు. చట్టమే తలుపు తెరచినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడియీడు పిల్లలందరకు ఉచితవిద్యను హక్కుగా నిచ్చినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధములైన వైకల్యములను గుర్తించి, నూటికి నలుబది పాళ్లకు తక్కువగాని వైకల్యముగల పిల్లలకు ఆరేండ్లనుండి పదునెనిమిదేండ్లవరకు ఉచితవిద్య కలుగజేసినది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు వచ్చి పసిబిడ్డలను పరీక్షించును. పలు మండలములలో భవిత కేంద్రములున్నవి. అచ్చట ప్రత్యేకశిక్షణ పొందిన ఉపాధ్యాయులుందురు, వ్యాయామచికిత్సయు చేయించుదురు. మీ మండల విద్యాధికారి నడిగినచో వివరములు చెప్పుదురు. ఆరేండ్లు నిండువరకు వేచియుండవలదు. నేర్చుకొను కోరికకు పునాది అంతకుముందే పడును.

కాని ఏ చట్టమును ఇంటి వెనుకగదిలోనికి తానై నడచి రాలేదు. అది పెద్దలైన మీ పని. మీ యూరిలో తిరుణాళ్లకును పెండ్లికిని తీసికొనిరాని బిడ్డ ఎచ్చటనైన నున్నదా యని విచారింపుడు. ఆ తల్లిదండ్రులతో మాటలాడుడు. అంగన్‌వాడీ మెట్టుప్రక్కన ఏటవాలుదారి యొకటి కట్టింపుడు. మరుగుదొడ్డి గోడకు పట్టుకొనుటకు కమ్మి పెట్టింపుడు. బడిపంతులును కలిసి, “ఆ బిడ్డను బోర్డువద్దకు పిలుచుచున్నారా?” యని యడుగుడు. నన్ను ఆనాడు ఎవరైన అడిగియున్న బాగుండెడిది.

మా వీధి బాలిక సంగతి చెప్పి ముగించెదను. ఆ నాయనమ్మ నా మాట వెంటనే అంగీకరింపలేదు. వ్యాయామచికిత్స చేయు అమ్మాయి కూడ ఆ మాటయే చెప్పినపిదప, బిడ్డను మూలలో కూర్చుండబెట్టి, మూతకు త్రాడు కట్టి, త్రాటికొన బిడ్డ కుడిచేతికి అందించినది. మూత పోవును, బిడ్డయే లాగికొనును. కొన్ని మాసములకు మూత మంచము క్రిందికి దొర్లినప్పుడు, త్రాడు ఊడిపోగా, బిడ్డ మోచేతులమీద ప్రాకుచు రెండు బారల దూరము పోయి దానిని పట్టినది. పావుగంట పట్టినది. నాయనమ్మ కొంగు నోటికడ్డము పెట్టుకొని, కదలక, చూచుచు కూర్చున్నది. ఆ బిడ్డ ప్రాకుటకన్న ఆమె కదలకుండుటయే కష్టమైన పని యని నాకు తోచినది.

మూత పట్టుకొని బిడ్డ నన్నడిగినది: “తాతా, ఇది ఎందుకు తిరుగుతది? మల్ల ఎందుకు ఆగుతది?” వ్యాకరణము చదివిన నాకు జవాబు తెలియలేదు. మరునాడు సైన్సు చెప్పు మిత్రు నొకని ఇంటికి పోయి తెలిసికొని వచ్చితిని. అరువది దాటిన నన్ను సయితము ఆ బిడ్డ బడికి పంపినది.

ఇట్టి ప్రశ్న మీ యూరిలో ఏ మూలగదిలోనో ఎదురుచూచుచుండవచ్చును. దానిని విననిండు. సెలవు.